కారే చెవికి ముందు దారి తెలుసుకోండి, తర్వాత మందు వెయ్యండి

చెవి ముక్కు గొంతు వార్డులో 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. ఇల్లు విశాఖలో, పెద వాల్తేరులోనే. ఇప్పటికీ వారానికి ఇద్దరు ముగ్గురు గేటు తీసుకుని వస్తారు, ఒక చేత్తో పిల్లవాణ్ణి, ఇంకో చేత్తో చుక్కలమందు సీసాని పట్టుకుని. మొన్న ఆదివారం పెద జాలారిపేట నుంచి ఒకావిడ ఎనిమిదేళ్ళ మనవణ్ణి తీసుకొచ్చింది.

"సిస్టరమ్మా, ఈడి సెవి కారతంది. మూడేళ్ళవుతంది. పెద్దయితే పోద్దన్నారు, పోనేదు."

"ఇంట్లో ఏం వేశావక్కా?"

"ఎల్లుల్లి కాసిన నూనె. మొన్న సుక్కలు కూడా కొన్నాం. సుక్కలేస్తే గొంతులో సేదుగా ఉందంటాడు."

ఆ చివరి మాటతోనే నాకు సగం అర్థమైపోయింది. చెవిలో వేసిన మందు గొంతులో చేదుగా తగిలిందంటే కర్ణభేరికి కన్నం ఉందన్నమాట. కన్నంలోంచి కర్ణభేరి వెనకున్న మధ్యచెవిలోకి, అక్కణ్ణుంచి ముక్కు వెనక్కి తెరుచుకునే గొట్టంలోంచి గొంతులోకి మందు జారింది. పిల్లవాడు చెప్పాడు, ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

మా తమ్ముడికి కూడా ఆరేళ్ళప్పుడే చెవి కారడం మొదలైంది. మా అమ్మ నూనె పోసింది, నేను ఈనపుల్లకు దూది చుట్టి తుడిచాను. ఏదో మేలు చేస్తున్నాననుకున్నాను. వాడికి 19 ఏళ్ళు వచ్చాక ఒకరోజు పొద్దున్నే నోరు ఒక పక్కకి లాగేసింది. ఆపరేషన్ చేసి మనిషిని దక్కించారు, మూతి కూడా చాలావరకు సర్దుకుంది, ఆ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా చెవి కారుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఏం చెయ్యాలో, వెళ్ళొచ్చాక ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలో చెబుతాను. అయితే చెవి ఆరబెట్టే గుడ్డ వత్తి చేతిలోకి తీసుకునే ముందు ఆ దారి ఎలా ఉంటుందో తెలియాలి.

చెవి రంధ్రం తిన్నగా ఉండదు

అందరూ అక్కడే పొరబడతారు. చెవి రంధ్రాన్ని తిన్నటి గొట్టం అనుకుంటారు. పెద్దవాళ్ళలో అది దాదాపు 2.5 సెంటీమీటర్ల పొడవుంటుంది, అంటే చూపుడువేలు మొదటి కణుపంత. సింహాచలం కొండ ఘాటు రోడ్డులా ముందు ఒక పక్కకి తిరిగి, మళ్ళీ ఇంకో పక్కకి తిరుగుతుంది. బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి. లోపలి రెండు వంతులు గట్టి ఎముక. రెండూ కలిసే చోట వంపు.

పెద్దవాళ్ళకి చెవిని పైకీ వెనక్కీ లాగితే ఆ వంపు కాస్త తిన్నగా అవుతుంది. మూడేళ్ళ లోపు పిల్లలకి కిందికీ వెనక్కీ లాగాలి, వాళ్ళకి ఎముక భాగం ఇంకా సరిగ్గా ఏర్పడి ఉండదు. ఈ ఒక్కటి తెలియక చాలామంది వేసిన మందు బయటి మలుపులోనే ఆగిపోయి దిండు మీదకి కారిపోతుంది. "పదిహేను రోజులు వేశామండి, ఏం తగ్గలేదు" అని వచ్చేవాళ్ళలో ఎంతోమందికి మందు అసలు లోపలికి వెళ్ళనే లేదు.

బయటి భాగం చర్మం కాస్త మందంగా ఉంటుంది. వెంట్రుకలూ గుబిలి తయారుచేసే గ్రంథులూ అక్కడే ఉంటాయి, లోపల ఉండవు. ఎముక మీది చర్మం ఉల్లిపొరంత పల్చన. దాని కింద కొవ్వు లేదు, నేరుగా ఎముకకి అంటుకుని ఉంటుంది. అందుకే ఈనపుల్ల కొస తగిలినా ప్రాణం జిల్లుమంటుంది, రక్తం వస్తుంది. చెవిలో పుల్ల పెడితే కొందరికి దగ్గు రావడం చూసే ఉంటారు. గొంతుకీ ఊపిరితిత్తులకీ వెళ్ళే నరం తాలూకు చిన్న కొమ్మ ఒకటి ఆ గోడలో ఉంటుంది. దగ్గొస్తే పుల్ల లోపలి భాగాన్ని తాకిందని తెలుసుకుని వెంటనే తీసేయండి. కోడి ఈకతో తిప్పుకునే అలవాటున్న మగవాళ్ళకి ఇది మరీ మరీ చెబుతుంటాను.

ఇంకొంచెం లోపల, కర్ణభేరికి ఓ అర సెంటీమీటరు ముందు దారి బాగా ఇరుకవుతుంది. అది దాటి పడిన పూసో చింతగింజ ముక్కో ఇంట్లో తియ్యబోతే ఇంకా లోపలికే పోతుంది. కర్ణభేరి కూడా గోడకి తలుపులా నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. అందువల్ల రంధ్రం ముందు-కింది గోడ, వెనక-పై గోడ కంటే సుమారు 6 మిల్లీమీటర్లు పొడవు. ఆ పొడవైన గోడ చివర, కర్ణభేరి అంచు దగ్గర చిన్న గుంట ఏర్పడుతుంది. చీము నిలవుండేది ఆ గుంటలోనే. ముందు గోడ కొందరికి ఉబ్బెత్తుగా ఉండి ఆ గుంటని కప్పేస్తుంది. అలాంటి చెవిలోకి లైటు వేసి చూసినా కర్ణభేరి ముందు భాగం కనిపించదు. జాలారిపేట పిల్లవాడిది అలాంటి చెవే.

ఇంతకీ ఎందుకు కారుతుంది

రంధ్రం ఇరుకైనందువల్ల మధ్యచెవి జబ్బు రాదు. చాలాసార్లు అది ముక్కు వైపు నుంచే వస్తుంది. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి అందించే గొట్టం పెద్దవాళ్ళలో సుమారు 36 మిల్లీమీటర్లు, ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో అందులో సగమే, పైగా దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినా, ముక్కు వెనక గడ్డలు పెరిగినా మంట ఆ దారిన చెవికెక్కుతుంది. మధ్యచెవిలో చీము పట్టి, ఒత్తిడికి 0.1 మిల్లీమీటరు మందమున్న కర్ణభేరి చిట్లుతుంది. ఎక్కువమందికి అది దానంతటదే పూడుతుంది. పూడక వారాల తరబడి కారుతూ ఉంటేనే దీర్ఘకాలపు చెవి జబ్బు అంటాం. పడుకోబెట్టి పాలసీసా పట్టే తల్లులకి తల ఎత్తి పట్టమని చెప్పేది కూడా ఈ గొట్టం కోసమే.

మరి రంధ్రం ఆకారంతో పనేమిటంటారా? చీము బయటికి రావాలన్నా, మందు లోపలికి పోవాలన్నా, గాలి తగిలి ఆరాలన్నా, డాక్టరు చూడాలన్నా, కోసి బాగుచెయ్యాలన్నా దారి అదొక్కటే.

ఆ దారి చర్మానికి ఒక గుణం ఉంది. మా పెద్ద డాక్టరు గారు జూనియర్లకి చెబుతుంటే విన్నాను, ఇప్పటికీ ఆశ్చర్యమే. మిగతా ఒంటి చర్మం ఉన్నచోటే పొట్టు రాలుస్తుంది. చెవి రంధ్రం చర్మం మాత్రం కర్ణభేరి మీద మొదలై మెల్లగా బయటికి నడుస్తుంది, ఇంచుమించు గోరు పెరిగే వేగంతో. పొట్టునీ గుబిలినీ తనతో మోసుకొచ్చి బయట పడేస్తుంది. చెవిని అదే శుభ్రం చేసుకుంటుంది. మనం పుల్ల పెట్టి దాన్ని ఎదురు తోస్తున్నాం.

ఇప్పుడు కర్ణభేరి పైభాగాన పల్చటి చోటు లోపలికి పీక్కుపోయి సంచిలా మారిందనుకోండి. చర్మం ఆ సంచిలో కూడా పొట్టు రాలుస్తూనే ఉంటుంది, బయటికి దారి లేదు. పొట్టు పేరుకుని, కుళ్ళి, ఉండగా పెరిగి, చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. దీన్నే కొలెస్టియటోమా అంటారు. పేరు చూసి కేన్సర్ అనుకుంటారు, కాదు. కానీ మధ్యచెవి పైకప్పు మీద మెదడు, గోడలో ముఖం కదిలించే నరం, పక్కనే లోపలి చెవి. ఉండ ఎటు పెరిగినా ప్రమాదమే. మా తమ్ముడికి వచ్చింది ఇదే.

రెండు రకాల కారడానికి తేడా ఇంట్లో కూడా కొంత తెలుస్తుంది. కర్ణభేరి మధ్యలో కన్నమైతే జలుబు చేసినప్పుడల్లా ఎక్కువగా, తీగలు తీగలుగా కారుతుంది, వాసన పెద్దగా ఉండదు, జలుబు తగ్గితే ఆగుతుంది. పైభాగపు జబ్బులో కారేది కొద్దిగానే, వాసన మాత్రం భరించలేం. దిండు గలీబు ఉతికినా పోదు. ఒక్కోసారి రక్తం జీర కనిపిస్తుంది. కొద్దిగానే కారుతోంది కదా అని ఊరుకోవడం అందుకే తప్పు. వాసన ఉంటే ఆలస్యం చెయ్యకండి. వాసన లేకపోయినా రెండు వారాలు దాటితే చూపించండి.

వత్తితో ఆరబెట్టడం

మందు కంటే ముందు పని ఇది. చీము నిండిన చెవిలో ఖరీదైన చుక్కలు వేసినా ఆ చీము మీదే తేలుతాయి.

ఉతికి ఎండలో ఆరేసిన పాత తెల్ల నూలు గుడ్డ తీసుకోండి, పంచె అంచులు లేనిదైతే మంచిది. చేతులు సబ్బుతో కడుక్కుని వేలెడు పొడవు ముక్క కత్తిరించి, దీపం వత్తిలా పేనండి, కొస సన్నగా వచ్చేలా. వత్తి చెయ్యడం మన ఆడవాళ్ళకి నేర్పక్కర్లేదు. దూదితో చేస్తే పీచు లోపల ఉండిపోతుంది, పల్చటి టిష్యూ కాగితం తడిసి చిరుగుతుంది, అందుకని గుడ్డే నయం. లోపల పుల్ల ఉండకూడదు. బజారులో దొరికే ఇయర్‌బడ్స్ కూడా పుల్ల కిందే లెక్క.

పిల్లవాణ్ణి వెలుతురు వైపు తిప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఇంకొకరు తల పట్టుకోవాలి. వయసుని బట్టి చెవి లాగి, వత్తిని మెల్లగా వదలండి, తొయ్యకండి. వంపు దగ్గర అదే ఒంగుతుంది, అందుకే పుల్ల లేని వత్తి అంటున్నాను. ఎదురు తగిలితే ఆపేయండి. తడి పీల్చేదాకా ఓ నిమిషం ఉంచి తియ్యండి. తీసినదాన్ని చూడండి, వాసన చూడండి, ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. తర్వాత కొత్త వత్తి. అలా పొడిగా వచ్చేదాకా మార్చండి. మొదటి రోజు ఏడెనిమిది పట్టొచ్చు. రోజుకి కనీసం మూడుసార్లు చెయ్యాలి. మూడోరోజుకి రెండు వత్తులతో సరిపోతే మీరు సరిగ్గా చేస్తున్నట్టే. వాడినవి కవర్లో వేసి పారేసి మళ్ళీ చేతులు కడుక్కోండి.

దూది కుక్కి వదిలెయ్యకండి. చీము బయటికి రాకుండా బిరడా వేసినట్టవుతుంది. పిల్లవాడు బడికి వెళ్తాడు, అందరూ చూస్తారని తల్లులు అలా చేస్తారు. ఆ బాధ నాకు తెలుసు. బడికి వెళ్ళే ముందు ఒకసారి ఆరబెట్టి, జేబులో శుభ్రమైన రుమాలు పెట్టి పంపండి.

చుక్కలు వెయ్యడం

ఏ చుక్కలో డాక్టరే చెప్పాలి, మందుల షాపులో అడిగి కొనకండి. జెంటమైసిన్, నియోమైసిన్ లాంటివి కలిసిన చుక్కలు కన్నమున్న చెవిలో లోపలిదాకా వెళ్ళి వినికిడిని దెబ్బతియ్యగలవు. కారే చెవికి డాక్టర్లు సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్ రకం రాసేది అందుకే. గుబిలి కరిగించే చుక్కలు, నురుగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్, నూనె, తల్లిపాలు, ఆకు పసరు, ఇవేవీ కారే చెవిలోకి పోకూడదు.

సీసాని పిడికిట్లో అయిదు నిమిషాలు పట్టుకోండి, ఒంటి వేడికి రావాలి. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే వేస్తే గిర్రున తల తిరుగుతుంది, ఎందుకంటే మనిషిని తూలకుండా నిలబెట్టే గొట్టాలు లోపల పక్కనే ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనకి చల్లటి మందు వేశాను, ఆయన మంచం మీదనుంచి లేస్తూ పడబోయారు. ఆరోజు నుంచి సీసా నా చేతిలో వెచ్చబడకుండా ఎవరికీ వెయ్యలేదు.

కారే చెవి పైకి వచ్చేలా పక్కకి పడుకోబెట్టి, చెవి లాగి, చెప్పినన్ని చుక్కలు గోడ వెంట జారేలా వెయ్యండి. నిట్టనిలువునా వేస్తే కింద గాలి బుడగ ఆగి మందుని లోపలికి పోనివ్వదు. ఆ తర్వాత చెవి రంధ్రానికి ముందున్న చిన్న బుడిపెని వేలితో నాలుగైదుసార్లు నొక్కి వదలండి. పంపు కొట్టినట్టు మందు వంపు దాటి ఆ గుంటలోకి, కన్నం దాకా చేరుతుంది. ఇదే అసలు కిటుకు, చీటీ మీద రాసి ఉండదు. అయిదు నిమిషాలు అలాగే ఉంచండి. సీసా కొస చెవికి తగలకూడదు. ఇంట్లో ఇద్దరికి చెవులు కారితే రెండు సీసాలు కొనండి.

తడి, ఉక్క

మన విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలోనే తడి. బట్టలే ఆరవు, వంపు తిరిగిన ఇరుకు రంధ్రం ఏం ఆరుతుంది? చుక్కలు చెప్పిన రోజులకి మించి వేసుకుంటూ పోతే బూజు పడుతుంది, దురద మొదలవుతుంది, తడిసిన న్యూస్‌పేపర్ ముక్కలా తెల్లగా, మీద నల్లచుక్కలతో కనిపిస్తుంది. అప్పుడు అదే మందు ఇంకా వేస్తే ఇంకా పెరుగుతుంది. దురద పెరిగితే మందు ఆపి చూపించండి.

తలంటుకి ముందు దూదికి వేజలీన్ బాగా రాసి చెవి ముఖద్వారంలో, కనబడేలా, పెట్టండి. స్నానం కాగానే తీసెయ్యండి. కారే చెవితో ఆర్కే బీచ్‌లో అలల్లో మునగడం, రుషికొండ దగ్గర ఈత, రెండూ వద్దు. జాలారిపేట పిల్లవాడికి ఇది చెప్పడమే నాకు కష్టమైంది. సముద్రం గుమ్మంలో పెట్టుకుని ఒడ్డునే నిలబడమంటే ఎలా? "ఆపరేషనైపోయి కర్ణభేరి పూడాక డాక్టరు ఒప్పుకుంటే దిగుదువుగాని" అన్నాను. ఎన్నాళ్ళని అడిగాడు. నెలలు పట్టొచ్చని నిజమే చెప్పాను.

చెవిలో దూరే ఇయర్‌ఫోన్లు కారినన్నాళ్ళూ మానండి. వినికిడి మిషను పెట్టుకునే పెద్దవాళ్ళు ఆ చెవిలో దూర్చే అచ్చుని పెట్టకుండా ఉంచి, ఏం చెయ్యాలో డాక్టర్ని అడగండి.

డాక్టరు ఏం చూస్తారు

మన దగ్గర కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, పెద వాల్తేరులో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉంది. పాత చీటీలు, వాడిన చుక్కల సీసాలు అన్నీ సంచిలో వేసుకెళ్ళండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డుంటే అదీ. మైక్రోస్కోపు కింద చీము పీల్చి శుభ్రం చేస్తారు, గుయ్యిమని శబ్దం వస్తుంది, పిల్లలు భయపడతారు. ఆ శబ్దం సంగతి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి. రంధ్రం వంపు వల్ల కర్ణభేరి అంతా కనిపించకపోతే ఎండోస్కోపు వేసి చూడమని అడగడానికి మొహమాటపడకండి. సన్నటి ఆ గొట్టం మూల తిరిగి చూడగలదు. పైభాగం చూడకుండా మందు రాస్తే సగం పరీక్షే. తర్వాత వినికిడి పరీక్ష, అవసరమైతే సీటీ స్కాన్.

మధ్యలో కన్నం మాత్రమే అయితే, చెవి పైన కణత కండరం మీది పొర ముక్క తీసి కర్ణభేరికి మాసిక వేస్తారు, దాన్ని టింపనోప్లాస్టీ అంటారు. ముందు గోడ ఉబ్బు అడ్డొస్తే ఆ ఎముకని అరగదీసి దారి వెడల్పు చేస్తారు, అది కెనాల్‌ప్లాస్టీ. చూడ్డానికి చిన్న పనే, కానీ ఆ గోడకి అవతలే దవడ కీలు ఉంది, అందుకే జాగ్రత్తగా చేస్తారు. కన్నం అంచు నలువైపులా కనిపిస్తేనే మాసిక సరిగ్గా కూర్చుంటుంది.

కొలెస్టియటోమా అయితే చెవి వెనక ఎముక తెరిచి తీస్తారు. ఒక్కోసారి రంధ్రం వెనక గోడని కూడా తీసేసి లోపలి గదినీ రంధ్రాన్నీ ఒకటే చేస్తారు, ముఖద్వారం పెద్దది చేస్తారు. ప్రాణానికి హామీ అది, కానీ బయటికి నడిచే చర్మం దారి అక్కడ తెగిపోతుంది. ఆ చెవి ఇక తనంతట తాను శుభ్రం చేసుకోలేదు. ఆరు నెలలకో ఏడాదికో జీవితాంతం వెళ్ళి శుభ్రం చేయించుకోవాలి. డిశ్చార్జి కాగితంలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. మా తమ్ముడికి నేనే తారీఖులు రాసిపెట్టి ఫోన్ చేస్తాను, ఇప్పటికీ.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులు మొయ్యకూడదు, విమానం ఎక్కకూడదు, చెవిలోకి నీళ్ళు పోకూడదు.

కారే చెవి ఉన్న మనిషికి మూతి వంకర పోయినా, చెవి వెనక వాచి చెవి ముందుకి తోసుకొచ్చినా, గిర్రున తల తిరిగినా, జ్వరంతో విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం మొదలైనా, ఉన్నట్టుండి వినికిడి పోయినా వత్తులూ చుక్కలూ పక్కన పెట్టి ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. తెల్లారేదాకా ఆగకండి.

ఆ ఆదివారం జాలారిపేట అక్క నా ఎదురుగా కూర్చుని మూడు వత్తులు పేనింది. మొదటిది లావు, రెండోది వదులు, మూడోది బాగుంది. సోమవారం ఓపీకి నేనూ వెంట వెళ్ళాను. ఎండోస్కోపులో చూస్తే ముందు గోడ వెనక నక్కి ఉన్న కన్నం కనిపించింది, పైభాగం శుభ్రంగా ఉంది. ముందు చెవి ఆరాలి, తర్వాత మాసిక అన్నారు. "అయితే నూనె సీసా ఏటి సెయ్యాలి సిస్టరమ్మా?" అని అడిగిందామె. కూరలో వేసుకోమన్నాను.